నయం కాకముందే చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కష్టం రావాలి. దాని కోసం అందరిచేతా ప్రార్థన చేయించుకోవాలి. కష్టం తీరాలి. అప్పుడు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, "దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు" అని మొదలుపెట్టి జరిగిన మేలు చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళు, బోరులో నీళ్ళు పడినవాళ్ళు, తప్పిపోయిన బర్రె దొరికినవాళ్ళు, అందరూ ఇదే వరుసలో చెప్పేవాళ్ళు. కష్టం తీరనివాళ్ళు లేవరు. లేవలేదంటే తీరలేదని మిగతావాళ్ళకు తెలిసిపోతుంది, ఎవరూ అడగరు. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో మా ఊరి చిన్న బాప్టిస్టు చర్చిలో, జబ్బు నయం కాకముందే లేచి నిలబడిన మొదటి మనిషిని నేనేననుకుంటాను. గొప్పకు చెప్పడం లేదు. ఆ రోజు నేను చేసింది తెలివైన పనో తెలివితక్కువ పనో నాకే చాలాకాలం తేలలేదు.

నా జబ్బు ఫోను. అయితే దానికంటే ముందు ఇంకొకటి ఉంది, అది చెప్తేగానీ ఇది అర్థం కాదు.

ఇంటర్ దాకా ఉదయగిరిలో చదివి డిగ్రీకి ఆత్మకూరులో చేరాను. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. నాయన తాపీ పని మీద నెల్లూరులో ఉండి పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. అమ్మ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద కూడా ఆమే. డిపో వెనక వీధిలో, మేడ మీదున్న లేడీస్ హాస్టల్లో నన్ను దించి, బకెట్టు, దుప్పటి, ఊరగాయ సీసా మంచం కింద సర్ది, గదిలో మిగతా ముగ్గురు అమ్మాయిలకూ వందనాలు చెప్పి అమ్మ బస్సెక్కింది. ఆ ముగ్గురూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఇంటర్ నుంచీ కలిసి చదివినవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు. మొదటి వారంలోనే ఒకమ్మాయి, "రా మే, టీ తాగొద్దాం" అని పిలిచింది. నాకు సిగ్గేసి, "మీరు పోయి రండి" అన్నాను. రెండోసారి పిలిచినప్పుడూ అదే అన్నాను. మూడోసారి పిలవలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మూడోసారి పిలిస్తే వెళ్దామని నేను తయారుగా కూర్చున్న సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది?

క్లాసులో అరవై మందిమి. ఊళ్ళో నాకు బాగా చదువుతానని పేరు. అక్కడ పాఠం ఇంగ్లీషులో నడిచేసరికి, తెలియనిది అడగడానికి నోరు పెగిలేది కాదు. సోమవారం నుంచి శనివారం దాకా నేను పైకి మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సర్", మెస్‌లో "అక్కా, కొంచెం సాంబారు", పొద్దున అమ్మ ఫోను చేస్తే "అందరం తిన్నాం మా", అంతే. శనివారం మధ్యాహ్నానికే ముగ్గురూ ఇళ్ళకు పోయేవాళ్ళు. నా ఊరు దూరం, బస్సులు తక్కువ, కాబట్టి నెలకొకసారి పోయేదాన్ని. ఆదివారం ఆ నాలుగు మంచాల గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, పంకా చప్పుడు తప్ప ఇంకేమీ లేనప్పుడు, ఫోను తీశాను.

తీయడమే నాకు గుర్తుంది, మళ్ళీ పెట్టింది గుర్తు లేదు. ఎవరో ఒకామె పొద్దున లేచి ఇల్లు ఊడ్చుకుంటూ కబుర్లు చెప్పేది. ఇంకొకామె ఇరవై మందికి పప్పు వండేది. ఎవరో అబ్బాయి కుక్కకు స్నానం చేయించేవాడు. అవన్నీ నాకెందుకు? మా ఇంట్లో పప్పు వండటం నేను చూడలేదా? అమ్మ రోజూ వంద మందికి వండుతుంది, ఒక్కరోజు కూడా నిలబడి చూసిన పాపాన పోలేదు. కానీ ఆ ఫోనులో ఆమె "హాయ్ అండీ, ఎలా ఉన్నారు?" అని అడిగేది. ఆ మాట నన్ను అడిగినవాళ్ళు ఆ రోజుకు ఆమె ఒక్కతే. ఏడుపొస్తుంది ఇప్పుడు తలచుకుంటే, నవ్వూ వస్తుంది.

రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. మొదట్లో మిగిలేది. తరవాత సాయంత్రానికి అయిపోయేది, తరవాత మధ్యాహ్నం నాలుగింటికే. నాలుగు దాటాక ఏం చేయాలో తోచక, ఆగిపోయిన వీడియోనే నొక్కుతూ కూర్చునేదాన్ని. యాప్ మూసేదాన్ని, మూసిన బొటనవేలే దాన్ని మళ్ళీ తెరిచేది. మధ్యలో నన్నెవరూ అడగలేదు. ఒకసారి ఇంటికి పోతూ ఉదయగిరి బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని చూస్తుంటే, సీతారామపురం బస్సు నా కళ్ళముందే వచ్చి, పది నిమిషాలు నిలబడి, నన్ను వదిలేసి పోయింది. కండక్టరు అరిచాడట. పక్కన శనగలమ్మే ఆమె చెప్పింది. "నిన్నే పిలస్తా ఉంటే పలకవేంది పాపా? చెవుడా?" అంది జాలిగా. అవునన్నట్టు తలూపాను. తరవాతి బస్సుకు రెండు గంటలు కూర్చున్నాను, ఆ రెండు గంటలూ కూడా దాన్నే చూశాను. బుద్ధి రావడమంటే అంత సులభం కాదు.

ఇక అబద్ధం సంగతి.

మొదటి సంవత్సరం దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. అమ్మ తెల్లవారుజామున లేచి వాకిలి ఊడవడానికి పోతూ చూస్తే, నేను దుప్పట్లో ముడుచుకుని ఉన్నాను, ముఖం మీద ఫోను వెలుతురు.

"ఏందిమే, అప్పుడే లేసినావా? ఏం చూస్తా ఉండావు?"

"వాక్యం మా," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అది ఎంత బాగా అతికిందంటే ఊడదీయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ ఏడాదే మా సంఘంలో అందరూ బైబిలు ఫోనులోకి ఎక్కించుకున్నారు. బరువైన పుస్తకాలు ఇంట్లో పెట్టి ఫోన్లతో చర్చికి రావడం మొదలైంది. ఫోను మీద తల వంచుకుని కూర్చున్న మనిషిని చూస్తే మా ఊళ్ళో ఎవరికైనా ముందు తోచేది వాక్యమే. వేరే ఊళ్ళో అయితే ఏ తల్లీ నమ్మి ఉండదు. అమ్మ మాత్రం చీపురు పక్కన పెట్టి, నా తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. ఆ చెయ్యి కింద నేను వీడియో ఆపాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అమ్మ స్త్రీల సమాజానికి చెప్పేసింది. "మా పాప కండ్లు తెరిస్తే వాక్యమే. హాస్టల్లో కూడా అంతేనంట." ఆ 'అంట' ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు, నేను అననే లేదు. అప్పట్నుంచి నేను ఊరికి వస్తే ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వందనాలు చెప్పేవాళ్ళు. ఫలానా వచనం ఎక్కడుందమ్మా అని అడిగేవాళ్ళు. నేను గూగుల్లో వెతికి చెప్పేదాన్ని. వెతకడానికి తెరిచిన ఫోను మళ్ళీ మూసేదాన్ని కాదు. వాళ్ళు ఇంకా ముచ్చటపడేవాళ్ళు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చోవడమంటే ఏమిటో ఆ సెలవుల్లో బాగా తెలిసింది.

మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కాను. రెండో ఏడాది నాలుగో సెమిస్టర్‌కు ముందు, మా సంఘంలో ప్రతి ఏడూ చేసినట్టే, పరీక్షలు రాసే పిల్లలందరి హాల్ టికెట్లూ పెన్నులూ ఒక స్టీలు పళ్ళెంలో పెట్టి ముందు బల్ల మీద ఉంచారు. పాస్టరు అయ్యగారు పళ్ళెం మీద చేతులుంచి ప్రార్థించారు. పదో తరగతి పిల్లల హాల్ టికెట్ల మధ్య యూనివర్సిటీ హాల్ టికెట్ నాదొక్కటే. అమ్మ దాన్ని అందరికంటే పైన పెట్టింది. నేనప్పటికి నెల రోజులుగా పుస్తకం తెరవలేదు. తెరుద్దామని కూర్చోవడం, ఒక్క ఐదు నిమిషాలు చూసి చదువుదామనుకోవడం, కిటికీ బయట చీకటి పడటం. రోజూ ఇదే.

ఫలితాలు ఒక శనివారం వచ్చాయి. అప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. మూడు సబ్జెక్టులు పోయాయి. అమ్మ బియ్యం చెరుగుతూ అడిగింది.

"వచ్చినాయా?"

"వచ్చినాయి మా."

"పాసేనా?"

"ఊఁ."

ఆ 'ఊఁ' చాలు. అమ్మ చేట కింద పెట్టి, "అయితే రేపు సాక్ష్యం చెప్పాల" అంది. సంఘమంతా ప్రార్థన చేసింది గనక జవాబు చెప్పకపోతే తప్పు. సాయంత్రానికి నలుగురిళ్ళకు పోయి చెప్పొచ్చింది. తెల్లచీర ఇస్త్రీ చేసుకుంది. రేపు ఆరాధన అయ్యాక అందరికీ పెట్టడానికని పులిహోరకు చింతపండు నానేసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది నా పని.

చెప్పాలని రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా పోయాను. "ఏం మే?" అని అమ్మ తలెత్తేది. ఆ ముఖం చూసి, "ఏం లేదు, నీళ్ళు" అని తాగి వచ్చేదాన్ని. నాకు ఏం పోతుందో నాకు స్పష్టంగా తెలుసు. పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. నన్ను నమ్మే మనిషి భూమి మీద ఒక్కతే ఉంది, ఆ మనిషి రేపు సంఘం ముందు నవ్వులపాలవుతుంది. లేదా నేను ఇంకో అబద్ధం చెప్పి, దాన్ని మోసుకుంటూ ఆత్మకూరు బస్సెక్కాలి. అబద్ధమే తేలికనిపించింది. సాక్ష్యం ఎలా చెప్పాలో చూద్దామని ఫోనులో వెతికాను. ఎవరెవరివో సాక్ష్యాలు రెండు చూశాను. మూడోది కుక్కపిల్లల వీడియో. ఆ తరవాత ఏం చూశానో చెప్పడం అనవసరం.

ఆదివారం నాకంటే ముందు ఒక అవ్వ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పింది. "స్తోత్రం, స్తోత్రం" అన్నారు అందరూ. తరవాత అయ్యగారు నా వైపు చూసి తలూపారు. లేచి నిలబడ్డాను. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో చాప మీద అమ్మ కూర్చుంది. నేనింకా నోరు తెరవకముందే, కళ్ళు మూసుకుని, "స్తోత్రం" అంది.

అంతే. సిద్ధం చేసుకున్నది మొత్తం పోయింది.

"దేవునికి స్తోత్రం, సంఘానికి వందనాలు," అన్నాను. "నేను పాస్ కాలేదు. మూడు సబ్జెక్టులు పోయినాయి."

"స్తోత్రం!" అన్నాడు వెనక వరసలో ఒక తాత. ఆయనకు సరిగ్గా వినపడదు, ఎవరైనా మాట ఆపితే చాలు స్తోత్రం అనేస్తాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఆయన మోకాలు తట్టారు. ఆ నవ్వు నాకెందుకో ధైర్యమిచ్చింది, ఇక ఆగలేదు. ఫోనులో నేను వాక్యం చూడటం లేదని చెప్పాను. వీడియోలు చూస్తానని, పొద్దున మొదలుపెడితే డేటా అయిపోయేదాకా చూస్తానని, పరీక్షకు చదవలేదని, మానేద్దామని యాప్‌లు తీసేసి గంటలో మళ్ళీ వేసుకున్నానని చెప్పాను. "నాకింకా నయం కాలేదు. ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నాను.

స్తోత్రం అనాలో అనకూడదో ఎవరికీ తెలియలేదు. మంచి మనిషైన మా అయ్యగారు కూడా రెండు క్షణాలు కళ్ళద్దాలు తుడుచుకుని, "పాట పాడుకుందాం" అన్నారు. పాటైతే ఎప్పటికంటే గట్టిగా పాడారు అందరూ.

ఆరాధన అయ్యాక బయట చాలామంది నా దగ్గరికి వచ్చారు. "ధైర్యంగా చెప్పినావు పాపా," అన్నారు. బడిలో టీచరుగా చేసే ఒకాయన, తన కొడుకుది కూడా ఇదే కథ అని, ఎవరూ ఇలా బయటపడరని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. చెప్పకూడదు గానీ, కొంచెం గర్వంగా కూడా ఉంది. అప్పుడు చుట్టూ చూస్తే అమ్మ లేదు. పులిహోర గిన్నె స్త్రీల సమాజం వాళ్ళకు అప్పగించి ఇంటికి వెళ్ళిపోయిందట.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికి బయల్దేరాను.

అమ్మ చీర మార్చుకుని దొడ్లో అంట్లు తోముతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. తోముతూనే ఉంది. పది నిమిషాలు గడిచాయేమో, తలెత్తకుండా అడిగింది.

"మందికి చెప్పినావు. నాకు చెప్పలేక పొయినావా?"

"భయమేసింది మా."

"వాళ్ళంటే బయం లేదు, నేనంటే బయమా నీకు? నేనేమన్నా పరాయిదాన్నా?"

పరువు పోయిందని తిడుతుందనుకున్నాను. తిడితే పడి ఊరుకునేదాన్ని. ఇలా అడుగుతుందనుకోలేదు. నిలబడే ఆలోచించాను. చర్చిలో అంతమంది ముందు చెప్పడం ఎందుకు తేలికైంది? వాళ్ళు వింటారు, తలూపుతారు, ఇంటికి పోతారు. రెండో ప్రశ్న అడగరు. ఫోనులో ఉండేవాళ్ళూ అంతే, ఎలా ఉన్నారని అడుగుతారు, జవాబు కోసం ఆగరు. అమ్మ అయితే ఆగుతుంది. రెండో ప్రశ్న అడుగుతుంది, మూడోది కూడా అడుగుతుంది. నేను తప్పించుకు తిరిగింది దాని నుంచేనని అంట్ల పక్కన నిలబడి ఉండగా అర్థమైంది.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. పోయిన సబ్జెక్టులు రెండుసార్లు రాసి గట్టెక్కాను. ఫోను విషయంలో పూర్తిగా మారిపోయానని రాస్తే అది మళ్ళీ అబద్ధమవుతుంది. ఈ నాలుగు పేజీలు రాస్తూ ఎన్నిసార్లు తీశానో నాకు తెలుసు. కాకపోతే ఇప్పుడు ఎవరైనా టీకి పిలిస్తే మొదటిసారికే లేస్తాను. ఆ మార్పుకు కారణం సంఘం ప్రార్థనేనని అయ్యగారంటారు, నేను కాదనను. నా వరకు నాకు గుర్తున్నది మాత్రం ఆ మధ్యాహ్నమే.

అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, దొడ్డి గుమ్మం మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

"ఇప్పుడు నాకు చెప్పు," అంది. "మొదుట్నించి చెప్పు. స్తోత్రాలు, వందనాలు లేకండా చెప్పు."

చర్చిలో గడగడా వచ్చిన మాటలు ఇక్కడ రాలేదు. పరీక్షల గురించి చెప్పాను, వింది. వీడియోల గురించి చెప్పాను. ఏం వీడియోలని అడిగింది. ఒకామె పప్పు వండుతుందని చెప్పాను. ఆ పప్పులో ఏమేం వేస్తుందని కూడా అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. చెప్పాను. తరవాత నా ముఖంలోకి చూసింది.

"అవును గానీ, పొద్దన నేను ఫోన్ చేసినప్పుడల్లా, తిన్యావా అంటే, 'అందరం తిన్నాం మా' అంటావు గదా. ఎవురుమే ఆ అందరూ?"

నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. అమ్మ ఆగింది.

"ఎవురూ లేరు మా," అన్నాను. "నేనొక్కదాన్నే."